మినీ మిల్లు గేర్లు మళ్ళీ రాలిపోయాయి, ఇప్పుడు మోటరు కంట్రోల్ బోర్డు కూడా.. బెల్టుకి మారాలా, విఎఫ్‌డి (త్రీ ఫేజ్ మోటరు స్పీడు మార్చే డ్రైవ్) పెట్టాలా?

రాత్రి_ఫిట్టర్ (హైదరాబాద్)

అన్నలూ నమస్తే. నా దగ్గర ఎక్స్2 టైపు చిన్న బెంచ్ మిల్లు (లోహం కోసే మిల్లింగ్ మిషన్) ఉంది, 350 వాట్ల బ్రష్ డిసి మోటరు, హెడ్డు లోపల హై, లో స్పీడులకి ప్లాస్టిక్ గేర్లు. మొన్న ఎమ్‌ఎస్ (మైల్డ్ స్టీలు) ప్లేటులో 12 ఎమ్‌ఎమ్ ఎండ్‌మిల్ కట్టర్‌తో స్లాట్ (గాడి) కొడుతుంటే కట్టర్ పట్టేసింది, కటకటమని శబ్దం, మోటరు తిరుగుతోంది గానీ స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే షాఫ్టు) ఆగిపోయింది. విప్పి చూస్తే ఒక వైపు పళ్ళు నాలుగైదు నున్నగా గీకేసినట్టు ఉన్నాయి. ఇంతకు ముందు కూడా ఇదే గేరు పోయింది. సర్లే గేరు మారుద్దాం అనుకుని మోటరు ఒక్కటే తిప్పి చూద్దామని స్విచ్ వేస్తే నాబ్ సున్నా మీదున్నా ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ అందుకుంది, దడుచుకుని ప్లగ్ పీకేశా.

ఇప్పుడు గేరు, బోర్డు రెండూ కొని పాతదాన్నే నిలబెట్టాలా, అదే మోటరు ఉంచి బెల్టుకి మార్చాలా, లేక ఇదంతా పీకేసి అర హెచ్‌పి త్రీ ఫేజ్ మోటరు, విఎఫ్‌డి పెట్టేయాలా? మూడోదాని మీదే మనసు లాగుతోంది. విఎఫ్‌డి ఉంటే స్పీడు ఎంత కావాలంటే అంత తగ్గించుకోవచ్చు కాబట్టి స్టెప్ పుల్లీల గొడవ లేకుండా 1:1 బెల్టు వేసేద్దామని ప్లాన్. అపార్ట్‌మెంట్‌లో సింగిల్ ఫేజే ఉంది. ఆ గేర్ల మోతకి కింద ఫ్లాట్ వాళ్ళు ఇప్పటికే నన్ను అదోలా చూస్తున్నారు, అది కూడా లెక్కలో పెట్టి చెప్పండి.

సోల్డర్_సుబ్బారావు

కొనే ముందు అసలు ఏది పోయిందో తేల్చండి సార్. నాబ్ సున్నాలో ఉండగా ఫుల్ స్పీడ్ అంటే రెండే అనుమానాలు. ఒకటి స్పీడ్ పాట్ (నాబ్ వెనక ఉండే పొటెన్షియోమీటర్) నుంచి వచ్చే మూడు వైర్లలో కింది చివరది తెగడం, అది తెగితే బోర్డుకి నాబ్ ఎప్పుడూ పైనే ఉన్నట్టు కనిపిస్తుంది. రెండోది పవర్ మాస్‌ఫెట్, అంటే మోటరుకి కరెంటు స్విచ్ చేసే పార్టు, షార్ట్ అవడం (పాత రకం బోర్డుల్లో దాని బదులు ఎస్‌సిఆర్ ఉంటుంది). ప్లగ్ తీసేసి, పెద్ద కెపాసిటర్ మీద వోల్టేజి పోయిందని మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి, అది మెయిన్స్‌ని నేరుగా రెక్టిఫై చేసుకునే బోర్డు, 300 వోల్టుల పైనే నిలవుంటుంది. మోటరు వైర్లు ఊడదీసి మాస్‌ఫెట్ కాళ్ళలో డ్రైన్‌కీ సోర్స్‌కీ మధ్య రెండు వైపులా మీటరు ప్రోబ్‌లు మార్చి చూడండి, ఎటు పెట్టినా సున్నా దగ్గరే అంటుకుంటే మాస్‌ఫెట్ పోయినట్టే. కట్టర్ పట్టేసినప్పుడు కరెంటు ఒక్కసారిగా లాగి పోయుంటుంది, లేదా బోర్డు మీద రజను పడి ఉంటుంది, ఆ కంట్రోల్ బాక్సు వెనక కవర్ ఎప్పుడైనా తీసి చూశారా అసలు?

మోటరు సంగతి వేరేగా చూడండి. గేర్ల నుంచి విడదీసి బైకు బ్యాటరీ 12 వోల్టులు ఇస్తే నెమ్మదిగా అయినా తిరగాలి. తిరక్కపోతే బ్రష్‌లు అరిగాయేమో, కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి భాగం) నల్లగా కాలిందేమో చూడాలి.

మాస్‌ఫెట్ మార్చాక డైరెక్టుగా ప్లగ్ పెట్టొద్దు, 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి ఇవ్వండి. షార్ట్ ఇంకా ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, కొత్త పార్టు బతికిపోతుంది. గేట్ డ్రైవర్ (మాస్‌ఫెట్‌ని నడిపే సర్క్యూట్) కూడా చూసుకోండి, ఎక్కువసార్లు అది కూడా వెంట పోతుంది.

బాలానగర్_టర్నర్

తమ్మీ, గేరు పోయిందని బాధ పడకు, అది పోవడానికే పెట్టిన్రు. కొందరు కోపానికొచ్చి స్టీలు గేరు వేస్తరు, అప్పుడు మోటరు షాఫ్టో కీనో పోతది, మోత ఇంకా డబుల్ అయితది. బెల్టు వెయ్యి. కట్టర్ పడితే బెల్టు జారుతది, అంతే, మళ్ళ టైట్ చేసుకుని పని చేసుకుంటవ్. మోత కూడా సగం తగ్గుతది.

గానీ కట్టర్ ఎందుకు పట్టిందో కూడా చూడు. చిన్న మిషన్ల 12 కట్టర్‌తోని ఫుల్ వెడల్పు స్లాట్ అంటేనే బరువు పని. 8 తోని నడుమ దారి చేసి తర్వాత పక్కలు తీస్కో. స్క్రూకి బ్యాక్‌లాష్ (లూజు ఆట) ఉన్న మిషన్ల క్లైంబ్ కట్ (టేబుల్ పోయే దిక్కుకే కట్టర్ పళ్ళు తిరిగే కోత) కొడితే టేబుల్ ని కట్టరే లోపలికి గుంజుకుంటది, గిబ్‌లు (టేబుల్ ఊగకుండ పట్టే పట్టీలు) ఒకసారి బిగించి చూడు.

ఇగ 1:1 ముచ్చట. ఎమ్‌ఎస్‌ల హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) కట్టర్ అంచు వేగం నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే 12 ఎమ్‌ఎమ్‌కి 660 ఆర్‌పిఎం వస్తది. అర హెచ్‌పి ఫోర్ పోల్ మోటరు 1400 కాడ రెండున్నర న్యూటన్ మీటర్ టార్క్ (తిప్పే బలం) ఇస్తది. విఎఫ్‌డి తోని 660 కి దింపితే స్పీడు సగం అయితది గానీ టార్క్ అదే రెండున్నర, అంటే చేతికొచ్చే పవర్ కూడా సగమే. అదే 2:1 పుల్లీ ఉంటే మోటరు పూర్తి స్పీడులనే ఉండి స్పిండిల్‌కి ఐదు వస్తది. స్పీడు తగ్గించినంత మాత్రాన బలం పెరగదు తమ్మీ, బలం పెంచేది పుల్లీనే. రెండు స్టెప్పులు కచ్చితంగ పెట్టు.

పుల్లీలు అల్యూమినియంలో తీయించుకో, బోరు గ్రూవులు ఒకే సెట్టింగ్‌ల తీయమని చెప్పు, మళ్ళ మళ్ళ చక్‌ల పట్టిస్తే లొడలొడ ఊగుతది. పాలీ వీ బెల్టు (లోపల సన్న రిబ్బులుండేది), పీజే సెక్షన్ (రిబ్బుల సైజు), మంచిగ మెత్తగ నడుస్తది. వాషింగ్ మిషన్ బెల్టు కూడా అదే సెక్షనే గానీ దీనికి మస్తు పొడుగు అయితది, రాణిగంజ్‌ల బేరింగ్ షాపులల్ల పొట్టివి అడుగు.

వైండింగ్_బాబాయ్ (విజయవాడ)

విఎఫ్‌డి మీద మోజు ఉంటే ఒకటి చెప్తా అబ్బాయ్. సింగిల్ ఫేజ్ 230 ఇస్తే విఎఫ్‌డి బయటకి ఇచ్చేది కూడా త్రీ ఫేజ్ 230 యే. మన దగ్గర దొరికే అర హెచ్‌పి మోటర్లు మామూలుగా 415 వోల్టుల స్టార్ కనెక్షన్‌తో వస్తాయి, అలాగే తగిలిస్తే టార్క్ మూడో వంతుకి పడిపోయి "విఎఫ్‌డి వేస్టు" అంటూ మళ్ళీ ఇక్కడే పోస్టు పెడతావ్. టెర్మినల్ బాక్స్‌లో ఆరు చివర్లు ఉన్నది చూసి కొనుక్కో, పట్టీలు డెల్టాకి (230కి సరిపోయే కనెక్షన్) మార్చుకుంటే చాలు. మూడు వైర్లే బయటకొస్తే వైండింగ్ షాపులో స్టార్ పాయింట్ విప్పించి మిగతా మూడు తీయించాలి.

విఎఫ్‌డికీ మోటరుకీ మధ్యలో స్విచ్ గానీ కాంటాక్టర్ గానీ పెట్టకు. రన్ స్విచ్ నొక్కి ఉండగా కరెంటు పోయి వస్తే దానంతట అదే తిరిగే సెట్టింగ్ ఆఫ్ చెయ్యి, మన కరెంటు సంగతి తెలుసుగా, కట్టర్ దగ్గర వేలు పెట్టినప్పుడే వస్తుంది. ఆపే టైము మరీ ఒక సెకనుకి పెడితే ఓవర్ వోల్టేజి ట్రిప్ చూపిస్తుంది, మూడు సెకన్లతో మొదలెట్టు. ఇంట్లో 30 మిల్లీ ఆంప్ ఆర్‌సిసిబి (లీకేజీకి పడే బ్రేకర్) ఉంటే విఎఫ్‌డి ఫిల్టర్ లీకేజీకి ఊరికే పడిపోవచ్చు, అలా పడిందని ఎర్తు వైరు మాత్రం పీకకు. మోటరు బరువు కూడా చూసుకో, ఆ హెడ్డు ఎత్తి పట్టే స్ప్రింగు దీన్ని మోయదు.

ఇంత ఖర్చు ఎందుకు అనుకుంటే కుట్టు మిషన్లకి వాడే బ్రష్‌లెస్ సర్వో మోటరు, 550 వాట్లది, కంట్రోలర్‌తో కలిపి వస్తుంది, శబ్దమే ఉండదు. నెమ్మది స్పీడులో మాత్రం దాన్ని నమ్ముకోకు, దానికీ పుల్లీ రిడక్షన్ కావాల్సిందే.

రాత్రి_ఫిట్టర్

సుబ్బారావు గారూ మీరు చెప్పినట్టే, పాట్ వైర్లు బానే ఉన్నాయి, మాస్‌ఫెట్ ఎటు చూసినా సున్నా. బాక్సు తెరిస్తే అడుగున అల్యూమినియం రజను చెంచాడు ఉంది, ఏమీ అనకండి. మోటరు బ్యాటరీ మీద తిరిగింది, బ్రష్‌లు ఇంకా సగం పైనే ఉన్నాయి.

అయితే బోర్డు బాగు చేసి, అదే మోటరుతో బెల్టు. విఎఫ్‌డి ఇప్పటికి వద్దు. మోటరు ప్లేటు మీద 5000 ఆర్‌పిఎం అని ఉంది, పుల్లీ సైజులు ఎంత పెట్టమంటారు బాలానగర్ అన్నా?

బాలానగర్_టర్నర్

పై స్టెప్పు మోటరుకి 42 ఎమ్‌ఎమ్, స్పిండిల్‌కి 83, దగ్గర దగ్గర 2500 ఆర్‌పిఎం వస్తది. కింది స్టెప్పు 25 కి 100, 1250 వస్తది, ఇంకా కింది స్పీడు నాబ్‌తోని దింపుకో. రెండు స్టెప్పులల్ల పుల్లీ సైజులు కూడితే 125 యే కాబట్టి ఒకటే బెల్టు నడుస్తది, పొడవుల కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తది గనక మోటరు ప్లేటుకి రంధ్రాలు కాకుండ పొడుగు స్లాట్లు కొట్టు. 25 దాని మీద బెల్టు తక్కువ పట్టుకుంటది, అందుకే నాలుగు రిబ్బులు కాదు ఆరు రిబ్బుల బెల్టు తీస్కో. మోటరు షాఫ్టు కొలత మైక్రోమీటర్‌తోని తీసి తీస్కరా, ప్లేటు మీద చూసి అందాజాగ చెప్తే బోరు లూజ్ అయితది.