బియాన్సే కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) పాడితే రేడియోకి ఎందుకు పట్టలేదు?

కచేరీపిచ్చి: బియాన్సే కంట్రీ ఆల్బమ్ ‘కౌబాయ్ కార్టర్’ని నల్లజాతి గాయని అనే తొక్కేశారా? అందులో ‘టెక్సాస్ హోల్డెమ్’ పాట నంబర్ వన్ అయిందిగా? ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) కొనొచ్చా?

చార్టుమేస్త్రి: బిల్‌బోర్డ్ పత్రిక వేసే రెండు చార్టుల్ని కలిపేస్తున్నారు. హాట్ కంట్రీ సాంగ్స్‌లో 2012 నుంచి స్ట్రీమింగ్, అమ్మకాలు, అన్ని రకాల రేడియో కలిపి లెక్క. అక్కడ నల్లజాతి మహిళ మొదటి స్థానం అందుకోవడం అదే తొలిసారి. కంట్రీ ఎయిర్‌ప్లేలో కంట్రీ స్టేషన్లు వేసిందే లెక్క. అక్కడ పైకి రానివ్వలేదు.

ఐదోతీగ: చార్టులు పక్కన పెట్టి ఆ పాట మొదట్లో బాంజో అనే తీగవాద్యం వినండి. నల్లజాతి కళాకారిణి రియానన్ గిడెన్స్ వాయించింది. ఆ వాద్యం మూలం పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లది.

రాగాలరావు: బాంజో అంటే బ్లూగ్రాసే (కంట్రీలో ఒక వేగమైన శైలి). మూడు వేళ్లు, వాటికి తొడిగే పిక్స్. తెల్లోళ్ల వాయిద్యం.

ఐదోతీగ: అది 1940ల్లో ఎర్ల్ స్క్రగ్స్‌తో పేరొచ్చిన పద్ధతి. గిడెన్స్‌ది క్లాహేమర్. పిక్స్ ఉండవు. గోటి వెనకవైపుతో తీగను కిందికి కొట్టాలి, వెంటనే బొటనవేలు పొట్టి ఐదో తీగను మీటాలి. వేళ్లతో పైకి లాగితే ఆ నడక రాదు. ఓపెన్ జీ అనే శ్రుతిలో ఆ పొట్టి తీగ జీ, మిగతావి డీ జీ బీ డీ. మన వీణ తాళం తీగల్లాగే దాన్ని నొక్కరు, మోగిస్తారంతే. పశ్చిమాఫ్రికా సెనెగాంబియాలో జోలా జాతి వాళ్ల అకోంటింగ్ అనే వాద్యం మీద కూడా ఇదే కొట్టుడు.

రాగాలరావు: పాఠాలొద్దు సార్. డబ్బుంటే ఎవర్నైనా పిలిపించొచ్చు.

ఐదోతీగ: ఎవర్ని పిలిపించిందో చూడండి మరి! ‘బ్లాక్‌బర్డ్’లో నలుగురు నల్లజాతి కంట్రీ గాయనులు. ఆల్బమ్‌లో పాతతరం నల్లజాతి కంట్రీ గాయని లిండా మార్టెల్ గొంతు.

పాతరికార్డు: లిండా 1970 ఆల్బమ్ వేసిన కంపెనీ పేరు ప్లాంటేషన్ రికార్డ్స్, అంటే బానిసలతో పని చేయించిన తోటల పేరు. నల్లమ్మాయి పాటకి ఆ లేబులా! 1966లో నల్లజాతి గాయకుడు చార్లీ ప్రైడ్ తొలి రికార్డుల్ని ఫొటో లేకుండానే రేడియోలకి పంపారు, మొహం తెలిసేలోపు పాట ఎక్కేయాలని. 1971కల్లా సీఎంఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) ఎంటర్‌టైనర్ అవార్డు ఆయనకే.

చార్టుమేస్త్రి: 2019లో నల్లజాతి ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ తన పాట ‘ఓల్డ్ టౌన్ రోడ్’కి కంట్రీ ట్యాగ్ పెట్టుకున్నాడు. కంట్రీ చార్టులో 19వ స్థానంలో చేరాక బిల్‌బోర్డ్ పీకేసింది. అన్ని రకాల పాటల చార్టు హాట్ 100లో మాత్రం 19 వారాలు మొదటి స్థానంలోనే. ట్యాగ్ పెట్టడం వరకే మన చేతిలో ఉంది.

రాగాలరావు: 2025లో కంట్రీ ఆల్బమ్ గ్రామీ ఇచ్చారుగా. ఇంకా ఏడుపెందుకు?

చార్టుమేస్త్రి: 2024 సీఎంఏల్లో ఒక్క నామినేషనైనా వచ్చిందా? అక్కడ ఓటేసేది కంట్రీకి కేంద్రమైన నాష్‌విల్ పరిశ్రమ, గ్రామీకి రికార్డింగ్ అకాడమీ.

కచేరీపిచ్చి: ఎల్పీ అడిగాను...

పాతరికార్డు: తొలి ముద్రణ వద్దు. ‘యా యా’, ‘స్పగెట్టీ’తో సహా ఐదు ట్రాకులు లేవు. లిండా మాట్లాడిన రెండూ ఆ ఐదులోనే పోయాయి.