డీఫోమర్ పెంచాలా, గాలి వచ్చే దారి వెతకాలా?

నైట్‌షిఫ్ట్: మాది పాత అట్టపెట్టెలతో క్రాఫ్ట్ పేపర్ తీసే చిన్న మిల్లు. వారం నుంచి వైర్ పిట్ (పేపర్ పరుచుకునే జాలీ కింద నీళ్లు పడే గుంట) మీద అడుగు మందాన నురగ. పేపర్‌ని లైటుకి అడ్డం పెడితే జల్లెడే, అన్నీ పిన్‌హోల్స్. డీఫోమర్, అదే నురగ తగ్గించే మందు, ఇప్పటికే రెట్టింపు చేశాం, ఇంకా పెంచమంటున్నారు మేనేజర్. టెన్షన్‌గా ఉంది.

కెమికల్ బాబాయ్: పెంచు తమ్ముడూ. మిషన్ ఆపి వెతుకుతూ కూర్చుంటే ప్రొడక్షన్ పోతుంది. పిట్‌లో పైన పోయకు, గుజ్జుని మిషన్‌కి తోసే ఫ్యాన్ పంపు సక్షన్ దగ్గర వదులు.

పాత ఫోర్‌మన్: మీరు డ్రమ్ములు అమ్ముకునే మనిషి, ఇంకేమంటారులే :) పైన కనబడే నురగ షవర్ కొట్టినా అణుగుతుంది. పిన్‌హోల్స్ చేసేది పీచుకి అంటుకున్న సన్న బుడగలు. వైర్ మీద బుడగ ఉన్నచోట పీచు కూర్చోదు, నీళ్లూ తొందరగా దిగవు. హెడ్‌బాక్స్ (వైర్ మీదికి గుజ్జు వదిలే పెట్టె) నుంచి గుజ్జు కాస్త గాజుగ్లాసులో పట్టి నీళ్లు కలిపి చూడు, పీచు పైకి తేలుతోందా? బ్యాక్‌వాటర్ (వైర్ నుంచి దిగిన నీళ్లు) పిట్‌లోకి ఎత్తు నుంచి పడుతోందా, పంపు గ్లాండ్ (షాఫ్ట్ దగ్గరి సీలు) గాలి పీలుస్తోందా, అవీ చూడు.

కెమికల్ బాబాయ్: లోపలి గాలిని లాగే మందులూ ఉన్నాయి అన్నా, అన్నీ నురగ మందులే కావు.

నైట్‌షిఫ్ట్: తేలుతోంది! గ్లాండ్ బాగానే ఉంది, బ్యాక్‌వాటర్ పడే చోటూ మార్పేం లేదు. పీహెచ్ 5.2.

ల్యాబ్ అక్క: పేపర్ నీళ్లు పీల్చకుండా చేసే సైజింగ్ మీది పటిక, రోసిన్‌తోనే కదా? ఈమధ్య తెల్ల కాగితం ఏమైనా కలిపారా? అందులో చాలావాటికి ఫిల్లర్‌గా, అంటే పీచు మధ్య నింపే పొడిగా, కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. మీ పీహెచ్‌కి అది కరిగి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, వంటసోడా మీద నిమ్మకాయ పిండినట్టే. ఆ కాగితం ముక్క మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వెయ్యి, బుసబుసమంటే అదే. ఇంకోటి, డీఫోమర్ ఎక్కువైతే సైజింగ్ దెబ్బతింటుంది. కాబ్ (పేపర్ ఎంత నీరు పీలుస్తోందో చెప్పే పరీక్ష) చూశారా?

నైట్‌షిఫ్ట్: కాబ్ పెరిగిందక్కా. పది రోజులుగా నోటుబుక్కుల కటింగ్ వేస్టు వేస్తున్నాం, చవగ్గా వచ్చిందని. చుక్కలేస్తే పొంగింది.

కెమికల్ బాబాయ్: గ్యాస్ అక్కడే పుడుతుంటే నా డ్రమ్ము ఏం చేస్తుందిలే. ఏకేడీకి (ఆమ్లం అక్కర్లేని సైజింగ్ మందు) మారి న్యూట్రల్‌లో నడపండి, వేస్టూ వాడుకోవచ్చు.

పాత ఫోర్‌మన్: ఒక లోడు వేస్టు కోసం మిల్లు మొత్తం మార్చాలా!

నైట్‌షిఫ్ట్: రేపు బి షిఫ్ట్‌లో కటింగ్ ఆపి నడిపి చూస్తాం. మేనేజర్ ఒప్పుకున్నారు గానీ, యార్డులో మిగిలింది ఎవరు కొంటారో నన్నే చూడమన్నారు.