“మాల నే నగుదున్”: ఆ ‘దు’ సంగతేమిటి?

వంశధార గట్టు (గుణుపూరు): ఉద్యోగార్థుల కోసం రిజర్వేషన్ నిబంధనల మీద తెలుగులో ఒక గోడపత్రిక వేస్తున్నారు. గుణుపూరు, కాశీనగరం, పర్లాకిమిడిలో అంటిస్తారు. నెత్తిన గురజాడ ‘లవణరాజు కల’ చరణం ఉండాలని అందరి పట్టు. “మంచి చెడ్డలు మనుజులందున, ఎంచి చూడగ, రెండె కులములు, మంచి యన్నది మాల యైతే, మాల నే...” దాకా గడగడా వస్తోంది. చివర నగుదునా, నవుదునా, నౌదునా? తలో మాటా అంటున్నారు.

ఋషికుల్య (బరంపురం): నగుదున్. ఇందులో అనుమానం దేనికి?

మహేంద్రగిరి నీడ: మాత్రలు లెక్కేస్తే మూడూ సరిపోతాయి గనుక అనుమానం. ఈ పద్యం ఛందస్సు ముత్యాలసరం, దాని నడక మూడు, నాలుగు, మూడు, నాలుగు. “మంచి, చెడ్డలు, మనుజు, లందున” 14 మాత్రలు. చివరి పాదాన్ని 9కి తెగ్గోశాడు: “మాల, నేనగు, దున్”. అక్కడ “నేనవు” పెట్టినా నాలుగే, “నేనౌ” పెట్టినా నాలుగే. ఆఖరికి “మాల నేనవుతా” అన్నా గతి చెడదు. చెవిని సాక్ష్యానికి పిలిచి లాభం లేదు ఋషికుల్య గారూ.

తప్పులెన్నువారు: గొడవ ‘గు’లో లేదు, ‘దు’లో ఉంది. అయ్యెదన్ అంటే భవిష్యత్తు. అగుదున్ తద్ధర్మం, అంటే ఏ ఒక్క కాలానికీ కట్టుబడక స్వభావాన్ని చెప్పే రూపం. చిన్నయసూరి వ్యాకరణం తిరగేసినవాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు. కాబట్టి అది “మాలగా మారిపోతాను” అనే ప్రతిజ్ఞ కాదు. “మంచికి ఆ పేరే పెడితే నన్నూ ఆ లెక్కలోనే రాసుకోండి” అని. పోతన “పలికెద వేఱొండు గాథ” అన్నాడు గానీ “పలుకుదు” అనలేదు.

ఋషికుల్య: ఆ పద్యంలోనే పై పాదం మింగేశారే! “నే బలికిన భవహరమగునట”. ఆ ‘అగును’ తద్ధర్మ రూపమే, అర్థం మాత్రం భవిష్యత్తు. మీ సాక్షే అడ్డం తిరిగాడు.

కొరాపుట్ కాఫీ: ‘దు’ సంగతి తర్వాత చూసుకుందాం. ఈ చరణం ఆ పత్రిక మీద వేస్తే కింద రాసే నిబంధనలకు ఎదురు నిలుస్తుంది. చట్టంలో ఎవరూ ‘అగుదురు’ కాదు. రాజ్యాంగం 341, 342 అధికరణాల మాట ‘భావించబడుదురు’, అదీ ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’. రిజర్వేషన్ హోదా పెళ్లి చేసుకుంటే రాదు. 1996లో వల్సమ్మ పాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఊరు మారినా వెంట రాదు. ఆంధ్రలో ఎస్టీ అయిన విద్యార్థికి బొంబాయి వైద్యకళాశాలలో ఆ హోదా చెల్లదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. ఇచ్ఛాపురం నుంచి బరంపురం వచ్చి స్థిరపడినవాళ్లు పొరపడేది ఇక్కడే. రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఒకే కులం ఉందిగదా అనుకుంటారు. ఉన్నా సరే, వలస వచ్చినవాళ్లకు ఒడిశా రాష్ట్ర కొలువుల కోటా రాదు. తండ్రి ధ్రువపత్రం ఆధారంగా ఇక్కడి తహసీల్దారు వలసదారుల నమూనాలో పత్రం ఇవ్వొచ్చు. అది కేంద్ర ఉద్యోగాలకు పనికొస్తుంది, భువనేశ్వర్ కొలువుకి కాదు.

వంశధార గట్టు: మరి వలస అని ఎప్పట్నుంచి లెక్క? ఇక్కడి తెలుగువాళ్లు ఒడిశా ఏర్పడ్డ 1936కి ముందునుంచీ ఉన్నవాళ్లే కదా?

కొరాపుట్ కాఫీ: 1936తో పని లేదు. ఎస్సీ, ఎస్టీ జాబితాలు ప్రకటించిన రాష్ట్రపతి ఉత్తర్వుల తేదీ చూస్తారు. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబర్ 6. ఆ రోజుకి కుటుంబం శాశ్వత నివాసం ఎక్కడుంటే ఆ రాష్ట్రం వాళ్లు. పర్లాకిమిడిలో తాతల నాటి పట్టా ఉన్నవాళ్లకి చిక్కు లేదు.

తప్పులెన్నువారు: చూశారా, తహసీల్దారుకి భవిష్యత్తు అక్కర్లేదు, తద్ధర్మమే కావాలి. నా మాటే నెగ్గింది.

మహేంద్రగిరి నీడ: నెగ్గలేదండీ. కథంతా కల. యోగవాసిష్ఠంలో లవణుడు ఇంద్రజాలికుడి మాయలో చండాలుడై బతికి మళ్లీ సింహాసనం మీద కళ్లు తెరుస్తాడు. మూలంలోనే ‘అవడం’ ఉంది. గురజాడ ఆ మాయను తిరగేసి మాట్లాడించాడు. తద్ధర్మం అనేస్తే కథకున్న పదును పోతుంది.

జయపురం చావిడి: నాకు దిగులు వేరే ఉంది. “రెండె కులములు” అన్న ముక్క ఒక్కటే పట్టుకుని, కులమే లేనప్పుడు కోటా ఎందుకని వాదించేవాళ్లున్నారు. చరణం వేస్తే నాలుగు పాదాలూ వేయండి. అంతకుముందున్న “మలిన దేహుల మాల లనుచును” చరణం కూడా వేస్తే వాదన ఎవరి మీదో తెలుస్తుంది.

ఋషికుల్య: ఆ దిగులు ఇప్పటిది కాదు. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే కమ్యూనల్ జీవో ఉంది. 1927 లెక్క ప్రకారం ప్రతి 12 ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లిములకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు కలిపి 2, అణగారిన వర్గాలకు 1. పన్నెండింట ఒకటి! గురజాడ 1915లోనే పోయాడు, అది చూడలేదు.

కొరాపుట్ కాఫీ: ఇప్పటి రోస్టర్ (ఎన్నో పోస్టు ఏ వర్గానిదో చెప్పే పట్టిక) కూడా అలాంటి వరసే, కాకపోతే భాగహారంతో కడతారు. కేంద్రంలో ఎస్సీ 15 శాతం. 100ని 15తో భాగిస్తే 6.67, అంటే ఏడో పాయింటు. ఎస్టీ 7.5 శాతం, 13.33 వస్తుంది, కాబట్టి 14వది. ఓబీసీ 27 శాతం గనుక 4వది, ఈడబ్ల్యూఎస్ 10 శాతం గనుక 10వది. ఆరే పోస్టులున్న చిన్న కేడర్‌లో ఎస్సీ వంతు మొదటి చుట్టులో రాదు. అందుకే 13 పోస్టుల్లోపు కేడర్లకు ఎల్ ఆకారపు రోస్టర్ పెట్టారు, ఖాళీ అయిన చోటు తర్వాతి వర్గానికి తిరుగుతుంది. “శాతం ఉందిగా, పోస్టు ఏది?” అని అడిగేవాళ్లకి జవాబు ఇదే. గోడపత్రికలో శాతాలు ఆంధ్ర కరపత్రం చూసి దించలేదు కదా?

వంశధార గట్టు: ఎస్సీ 15, ఎస్టీ 6, బీసీ 29 అని ఉంది.

కొరాపుట్ కాఫీ: అది ఆంధ్రది. ఒడిశా రాష్ట్ర కొలువుల్లో ఎస్టీ 22.5, ఎస్సీ 16.25, ఎస్‌ఈబీసీ 11.25 (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన వర్గాలు). కలిపితే సరిగ్గా 50. ఇక్కడ బీసీ-ఏ, బీ, సీ, డీ అక్షరాలు లేవు. ఎస్‌ఈబీసీ పత్రం పెట్టి కేంద్ర ఓబీసీ పోస్టుకి దరఖాస్తు చేస్తే తిరగ్గొడతారు. కేంద్ర జాబితాలో కులం పేరుండాలి, కేంద్ర నమూనాలో క్రీమీలేయర్ (వెనకబడిన వర్గాల్లో కోటా వర్తించని పైమెట్టు) కాదన్న పత్రముండాలి. 8 లక్షల ఆదాయ పరీక్షలో జీతమూ, సాగు ఆదాయమూ కలపరు. అవీ కలిపేసుకుని మనకు రాదని మానేసేవాళ్లున్నారు. అయితే తల్లిదండ్రుల్లో ఒకరు నేరుగా గ్రూప్-ఏలో చేరి ఉంటే జీతం ఎంతని అడగనే అడగరు, క్రీమీలేయరే.

జయపురం చావిడి: కులం పేరు అక్షరాల గురించి కూడా రాయండి. ఒడిశా ఎస్సీ జాబితాలో మాల పక్కన ఝాలా, మాలో, జాలా అని రూపాంతరాలున్నాయి. ఆంధ్ర జాబితాలో మాల, మాల అయ్యవారు ఒక చోట, మాల దాసరి వేరే చోట. పత్రంలో జాబితాలో ఉన్నట్టే పడాలి. 2000లో మిలింద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే: పదాన్ని ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఇదీ అదీ ఒకటేనని కోర్టు కూడా కలపకూడదు, మార్చాలంటే పార్లమెంటే మార్చాలి.

మహేంద్రగిరి నీడ: అక్షరాలంటే గిడుగు గుర్తొస్తాడు. ఒడిశా జాబితాలో సావొరా, సవర్, సౌరా, సహరా. ఆంధ్రలో సవర, కాపు సవర, మాలియ సవర, ఖుట్టో సవర. పర్లాకిమిడిలో కూర్చుని 1931 నాటికి సవర భాషకు మాన్యువల్ తెచ్చిన మనిషి, ‘సొర’కి దీర్ఘం గుర్తులు పెట్టి మరీ రాశాడు. 1936 ఏప్రిల్ 1న, ఒడిశా ఏర్పడ్డ రోజునే, ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయాడు.

ఋషికుల్య: ఆయన వాడుకభాష వాదమే నిలబెడితే “అవుతాను” అని వేయాలి!

తప్పులెన్నువారు: గిడుగు వాదం వచనానికి సంబంధించింది, పద్యాల్ని దిద్దమని ఆయన అనలేదు. “మనుజులందున”, “చూడగ” ఉన్న చోట “అగుదున్” అతుకుతుంది, “అవుతాను” అతకదు. పైగా అది 10 మాత్రలు.

మహేంద్రగిరి నీడ: “అవుతా” అన్నాను నేను. 9 మాత్రలు.

కొరాపుట్ కాఫీ: పత్రికలో అడుగున ఒక వాక్యం చేర్చండి. రిజర్వేషన్ ఉన్నా లేకున్నా ఒడిశా రాష్ట్ర కొలువుకి ఒడియా గండం ఉంది. ఏడో తరగతిలో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి, లేదా ఆ స్థాయి పరీక్ష విడిగా రాయాలి. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు దరఖాస్తు గడువు దగ్గరపడ్డాక దీనికోసం పరుగెడతారు. సమాన అవకాశం మాటేమిటంటే, రాజ్యాంగం 16(2)లో వివక్ష కూడదన్న కారణాల్లో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం ఉన్నాయి, భాష లేదు. భాష ఉన్నది 29(2)లో, అది విద్యాసంస్థల ప్రవేశాల గురించి.

జయపురం చావిడి: మతం అంటే గుర్తొచ్చింది. క్రైస్తవంలోకి మారిన మాలలు ఆంధ్రలో ఎస్సీ కాదు, బీసీ-సీ, 1 శాతం. ఎస్టీలకు మతం అడ్డం కాదు. “మాల నే నగుదున్” అన్నవాడికి ఆ పేరు ఎప్పుడు పోతుందో కూడా ఆ ఎస్సీ ఉత్తర్వులో ఉందన్నమాట.

వంశధార గట్టు: శాతాలు మార్చాను, ఒడియా వాక్యం చేర్చాను. ‘నగుదున్’కి మూడు ఓట్లు, ‘నవుదున్’కి రెండు వచ్చాయి.

తప్పులెన్నువారు: ఇది ఓట్లతో తేలేది కాదండీ. అచ్చుప్రతి చూసినవాళ్లెవరైనా ఇంకో ముక్క కూడా చెప్పాలి: ‘నే’ తర్వాత ఎడం ఉందా, ‘నేనగుదున్’ అని కలిపి వేశారా?