ఉబుంటు అప్‌డేట్ సున్నా శాతం దగ్గరే ఆగిపోతోంది, ఇంటర్నెట్ మాత్రం బాగానే ఉంది

కిటికీపక్కన:
అందరికీ నమస్కారం. నా డెస్క్‌టాప్‌లో ఉబుంటు 24.04 ఉంది, కేబుల్‌తో రూటర్‌కు కలిపాను. కొత్త రూటర్ పెట్టినప్పటి నుంచి అప్‌డేట్లు దిగడం లేదు. టెర్మినల్‌లో ఆప్ట్ అప్‌డేట్ (ఉబుంటు ప్యాకేజీల జాబితాను తాజా చేసే ఆదేశం) ఇస్తే మొదటి వరుసలు ‘హిట్’ అంటూ చకచకా వస్తాయి. ఆ తరువాత ‘గెట్’ అని రావలసిన చోట, హెడర్ల (ఫైలుకు ముందు వచ్చే వివరాల) కోసం ఎదురుచూస్తున్నానని సున్నా శాతం చూపిస్తూ బిగుసుకుపోతుంది. చాలాసేపటికి గడువు తీరిందని ఎర్రర్ వస్తుంది. అదే సమయంలో బ్రౌజర్‌లో వీడియోలు హాయిగా నడుస్తున్నాయి! ఫోను హాట్‌స్పాట్‌కు మారిస్తే అప్‌డేట్ కూడా పూర్తవుతుంది. సర్వర్ మార్చాలా, లేక సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

మూడోపోర్టు:
ముందు గడియారం చూడండి. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి వెళ్లిపోతే ఆప్ట్ ఫైళ్లను ఒప్పుకోదు. తేదీ సరిగానే ఉంటే సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ప్రధాన సర్వర్ ఎంచుకుని చూడండి.

పాతకీబోర్డు:
గడియారం తప్పితే విడుదల ఫైలు ఇంకా చెల్లదని ఆప్ట్ స్పష్టంగానే చెబుతుంది, ఇలా బిగుసుకుపోదు. ఇన్‌స్టాల్ మాట మరిచిపోండి. హాట్‌స్పాట్ మీద నడిచిందంటే సిస్టమ్ తప్పేమీ లేదని మీరే తేల్చేశారు. నెట్‌వర్క్ ఎర్రర్ అనగానే అంతా తుడిచి మళ్లీ ఎక్కించమనేవారంటే నాకు ఒళ్లుమంట.

కనెక్షన్ ఎర్రర్లలో పని ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడాలి. సర్వర్ పేరుకు చిరునామా దొరకలేదంటే డీఎన్‌ఎస్ సంగతి. కనెక్షన్‌ను నిరాకరించిందంటే ప్రాక్సీనో ఫైర్‌వాల్‌నో వెతకాలి. 404 వచ్చిందంటే ఆ ఫైలు అక్కడ లేదు. మద్దతు ముగిసిన వెర్షన్లలో ఇది మామూలే. ఉబుంటు మధ్యంతర విడుదలలకు తొమ్మిది నెలలే ఆయుష్షు, మీ 24.04 ఎల్‌టీఎస్, అంటే దీర్ఘకాల మద్దతు ఉన్నది కాబట్టి ఆ బెంగ లేదు. మీ విషయంలో పేరు దొరికింది, కనెక్షన్ కుదిరింది, ఆ తరువాత ఆగింది.

మీరు రాసిన ‘హిట్’ వరుసలే అసలు ఆధారం. ఫైలు పోయినసారి నుంచి మారలేదని సర్వర్ చెబితే ఆప్ట్ ‘హిట్’ అంటుంది. ఆ జవాబు 304 కోడ్‌తో వచ్చే చిన్న సందేశం, ఒక్క బుల్లి ప్యాకెట్‌లో (నెట్‌లో ఒకసారి కదిలే డేటా మూటలో) ఇమిడిపోతుంది. ‘గెట్’ అంటే ఫైలు నిజంగా రావాలి, నిండు ప్యాకెట్లు కదలాలి. చిన్నవి వస్తున్నాయి, పెద్దవి రావడం లేదు. హెడర్లు కూడా మొదటి నిండు ప్యాకెట్‌లోనే ఉంటాయి కనుక ఆప్ట్‌కు అవీ అందడం లేదు.

నా అనుమానం ఎమ్‌టీయూ మీద, అంటే ఒక ప్యాకెట్‌కు అనుమతించే గరిష్ఠ సైజు మీద. ఈథర్‌నెట్‌లో ప్యాకెట్ 1500 బైట్ల వరకు ఉండవచ్చు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి రూటర్ కనెక్ట్ అయ్యే పీపీపీఓఈ పద్ధతిలో 8 బైట్లు దానికే పోతాయి, మిగిలేది 1492. ఇంటర్నెట్ చిరునామాల పాత పద్ధతి ఐపీవీ4లో రూటర్లు సాధారణంగా ఎమ్‌ఎస్‌ఎస్‌ను (ఒక ప్యాకెట్‌లో ఎంత డేటా పంపవచ్చో రెండు వైపులా ముందే చెప్పుకునే హద్దును) తగ్గించి దీన్ని చడీచప్పుడు లేకుండా సర్దేస్తాయి. కొత్త పద్ధతి ఐపీవీ6లో దారి మధ్య రూటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. ఇది పట్టదు, తగ్గించు అని పంపినవారికి ఐసీఎంపీవీ6 (నెట్‌వర్క్ ఇబ్బందులను తెలిపే పద్ధతి) సందేశం పంపుతాయి. ఎవరో అతిజాగ్రత్తపరులు ఐసీఎంపీ అంతటినీ ఫైర్‌వాల్‌లో ఆపేస్తే ఆ సందేశం సర్వర్‌కు చేరదు. గుమ్మంలో పట్టని బీరువాను మళ్లీ మళ్లీ తోస్తున్నట్టు సర్వర్ అదే ప్యాకెట్‌ను పంపుతూ ఉంటుంది.

వీడియోలు ఎందుకు నడుస్తున్నాయంటే, వాటిలో చాలా వరకు క్విక్ ప్రోటోకాల్ మీద వస్తాయి. అది 1200 బైట్ల ప్యాకెట్లతో మొదలుపెట్టి, దారి భరిస్తుందని తేలితేనే పెంచుతుంది.

ఊహ మీద వైద్యం వద్దు, పరీక్షించండి. పింగ్‌ను (జవాబు వస్తుందో లేదో చూసే పరీక్ష ప్యాకెట్‌ను) ఐపీవీ6లో, ముక్కలు చేయవద్దనే ఐచ్ఛికంతో, ఉబుంటు సర్వర్‌కే పంపండి. సైజు ఒకసారి 1444, ఒకసారి 1452 ఇవ్వండి. ప్యాకెట్ ముందుండే హెడర్లు 48 బైట్లు కలిస్తే అవి 1492, 1500 అవుతాయి. తరువాత ఫోర్స్ ఐపీవీ4 ఐచ్ఛికంతో ఆప్ట్ నడపండి. ఏమి వచ్చిందో ఉన్నదున్నట్టు రాయండి.

కిటికీపక్కన:
1444కు జవాబులు వస్తున్నాయి. 1452కు మా రూటర్ నుంచి ప్యాకెట్ మరీ పెద్దది, 1492 అని వచ్చింది. ఐపీవీ4తో అప్‌డేట్ పూర్తయింది! కనెక్షన్ మీరన్నట్టు పీపీపీఓఈనే.

పాతకీబోర్డు:
అయితే చిక్కు వచ్చే దారిలో ఉంది. మీరు పంపే వైపు రూటర్ తన పని తాను చేస్తోంది. సర్వర్ నుంచి మీ వైపు వచ్చే పెద్ద ప్యాకెట్ల సంగతి సర్వర్‌కు చెప్పేవారు లేరు, లేదా చెప్పింది చేరడం లేదు. పాత రూటర్ ఐపీవీ6లో కూడా ఎమ్‌ఎస్‌ఎస్ తగ్గించి ఉంటుంది, కొత్తది ఆ పని చేస్తున్నట్టు లేదు.

రూటర్ సెట్టింగ్స్‌లో ఎమ్‌ఎస్‌ఎస్ క్లాంపింగ్ (ఆ హద్దును తగ్గించే ఐచ్ఛికం) ఐపీవీ6కు కూడా ఉందేమో చూడండి. లేకపోతే లాన్ వైపు, అంటే ఇంట్లోని పరికరాలకు రూటర్ పంపే ఐపీవీ6 ప్రకటనల్లో ఎమ్‌టీయూ 1492 పెట్టండి. అదీ కుదరకపోతే ఉబుంటు వైర్డ్ కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఎమ్‌టీయూ గడిలో 1492 రాయండి. అప్పుడు మీ కంప్యూటర్ తనకు 1432 బైట్ల ముక్కలే కావాలని ముందే చెబుతుంది, సర్వర్ అంతకు మించి పంపదు.

మూడోపోర్టు:
ఇంత తిప్పలు ఎందుకండీ, ఐపీవీ6 పూర్తిగా ఆపేస్తే పోదా?

పాతకీబోర్డు:
ఈ ఒక్క కంప్యూటర్‌కు పోతుంది. అదే రూటర్ వెనక ఉన్న ఫోన్లూ టీవీలూ ఏదో ఒక సైటు దగ్గర ఇలాగే నిలబడతాయి, అప్పుడు ఆ సైటును తిట్టుకుంటారు. ఇప్పటికిప్పుడు భద్రతా అప్‌డేట్లు దింపుకోవడానికి ఐపీవీ4 ఐచ్ఛికం వాడండి, తప్పులేదు. అది మాత్రం మందు కాదు.

కిటికీపక్కన:
రూటర్‌లో క్లాంపింగ్ ఐచ్ఛికం కనిపించలేదు. ప్రకటనల పేజీలో ఎమ్‌టీయూ 1500 ఉంటే 1492 చేశాను. ఏ ఐచ్ఛికమూ లేకుండానే ఇప్పుడు ‘గెట్’ వరుసలు వస్తున్నాయి! కానీ ఐపీ లింక్ ఆదేశం ఇస్తే ఇంకా 1500 అనే చూపిస్తోంది. మార్పు సరిగా పట్టలేదా?

పాతకీబోర్డు:
పట్టింది. ఐపీ లింక్ చూపేది నెట్‌వర్క్ కార్డు ఎమ్‌టీయూ. ప్రకటన ద్వారా వచ్చిన విలువ ఐపీవీ6కు మాత్రమే వర్తిస్తుంది, కెర్నల్ దాన్ని విడిగా దాచుకుంటుంది. ప్రాక్ కింద సిస్, నెట్, ఐపీవీ6, కాన్ఫ్, ఆపైన మీ కార్డు పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఎమ్‌టీయూ అనే ఫైలు తెరవండి, 1492 కనిపిస్తుంది.