క్షమాభిక్షలో తిరిగొచ్చినవాళ్లు మళ్లీ వెళ్లాలంటే? మీ అనుభవాలు చెప్పండి

కంచరపాలెం బావ:
మా బావమరిది 2024 జూన్‌లో కువైట్ నుంచి ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లకు మన ఎంబసీ ఇచ్చే కాగితం మీద వచ్చాడు. వెళ్లింది ఇంటి డ్రైవరుగా, ఇంటిపనివాళ్లకిచ్చే 20వ నంబరు వీసా. ఆ ఇంట్లో ఉన్నది ఏడు నెలలే. జీతం సరిగా ఇవ్వకపోవడంతో బయటికొచ్చి వెల్డింగ్ షాపుల్లో దినకూలికి కుదిరాడు. అక్కడివాళ్ల మాటలో చెప్పాలంటే ఖల్లివల్లి అయ్యాడు, అంటే యజమానిని వదిలేసి పత్రాలు లేకుండా బతికేవాడు. నాలుగేళ్లకు పైగా పోలీసు బండి కనబడితే సందులోకి దూరడమే బతుకు. ఆ ఏడాది మార్చి 17న కువైట్ ప్రభుత్వం పత్రాలు లేనివాళ్లకు క్షమాభిక్ష మొదలుపెట్టి, గడువును జూన్ 30 దాకా పొడిగించింది కదా, అప్పుడు జరిమానా లేకుండా వచ్చేశాడు. కొత్త వీసా దొరికితే మళ్లీ రావచ్చన్నారట.

ఇప్పుడు గాజువాకలో ఒక ఏజెంటు, "సౌదీలో చట్టాలన్నీ మారిపోయాయి, విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని వీసాగా మార్చుకోవచ్చు" అంటున్నాడు. లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడు. పాత అప్పే ఇంకా ఎనభై వేలు ఉంది. మా అత్తగారు గాజులు తాకట్టు పెడతానంటున్నారు. నిజంగా ఏం మారింది? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. విన్నవి వద్దు, చూసినవి కావాలి.

సిక్స్‌జీ వెల్డర్:
నేను 2012లో జుబైల్ వెళ్లాను. సౌదీలో అప్పటికే నితాఖత్ నడుస్తోంది. తగినంతమంది సౌదీలను పెట్టుకోని కంపెనీలను ఎర్రరంగులో వేసేవారు. ఎర్రరంగులో పడితే ఆ కంపెనీ మనుషుల అకామా, అంటే అక్కడ ఉండి పనిచేయడానికిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. మాది అలాగే పడింది. పొద్దున ప్లాంటుకు వెళ్లే మనిషే, అదే హెల్మెట్, అదే వెల్డింగ్ టార్చి, కానీ అకామా తేదీ దాటిన రోజు నుంచి చట్టం దృష్టిలో దొంగ. మేం ఎక్కడికీ పారిపోలేదు. 2013లో పత్రాలు సరిచేసుకోవడానికి గడువిచ్చారు, నవంబరు 3 దాకా. నేను ఆకుపచ్చ కంపెనీలోకి మారగలిగాను. మా గదిలో ఇద్దరికి ఆ అదృష్టం లేదు, ఇంటికొచ్చేశారు.

ఏజెంటు చెప్పిన మార్పు అబద్ధం కాదు. 2021 మార్చి 14 నుంచి ఏడాది పని పూర్తయ్యాక యజమాని అనుమతి లేకుండానే ఇంకో కంపెనీకి మారవచ్చు. మా కుర్రాళ్లు ఇద్దరు మారారు, ఫోనులోనే పని అయింది. అయితే ఏజెంటు మింగేసిన సంగతులు రెండు. ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, గొర్రెల కాపరులు ఆ మార్పు కిందికి రారు. ఇంకొకటి, కంపెనీతో ఒప్పందం ఉన్నవాడికే ఆ హక్కు. విజిట్ మీద వచ్చినవాడికి ఒప్పందం ఎక్కడిది? లేనిదాన్ని మార్చుకోవడం ఏమిటి?

డాల్ఫిన్ నోస్:
షిప్‌యార్డులో ముప్పై మూడేళ్లు చేసి రిటైరైనవాణ్ణి. నా మాట చేదుగా ఉంటే క్షమించండి. ఇంటి డ్రైవరు వీసా మీద వెళ్లి వెల్డింగ్ చేయడం ఆ దేశంలో తప్పు. మన దేశంలో ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా? తప్పు చేసి క్షమాభిక్షలో వచ్చి, మళ్లీ విజిట్ అంటున్నారు.

కంచరపాలెం బావ:
పెద్దవారు, కాదనను. కానీ ఆ ఇంట్లో ఐదు నెలల జీతం ఇవ్వలేదండీ. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది. వేరే ఇంటికి మారాలంటే ఆ యజమానే ఒప్పుకోవాలి. తలుపు బయట గడియ పెట్టి, లోపలివాడు కిటికీలోంచి దూకాడని అన్నట్టుంది.

ఎన్‌ఏడీ కొత్తరోడ్డు:
సరిగ్గా ఈ గడియ సంగతే చెబుదామని వచ్చాను. మా పిన్నిగారబ్బాయి కూడా 20వ నంబరు మీదే ఉండేవాడు. క్షమాభిక్ష అయిన వెంటనే, 2024 జులై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు, ఇంటిపనివాళ్లు 18వ నంబరుకు, అంటే కంపెనీ వీసాకు మారడానికి కువైట్ అవకాశం ఇచ్చింది. రుసుము 50 దినార్లు. వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్ దగ్గర ఏడాది చేసి ఉండాలి, ఆయన సంతకం పెట్టాలి. వీడి కఫీల్ మంచివాడు, పెట్టాడు. ఇప్పుడు ఒక కిరాణా గోదాములో ఉన్నాడు, పోలీసు బండి ఎదురుగా టీ తాగుతాడు. పక్క భవనంలో ఉన్న మన శ్రీకాకుళం అతనికి కఫీల్ సంతకం పెట్టలేదు. చట్టం ఇద్దరికీ ఒకటే, తాళంచెవి మాత్రం కఫీల్ జేబులో.

మధురవాడ నుంచి:
ఆడవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. మా సొంతూరు కోనసీమ. మా అక్కకు ఇరవై ఆరేళ్లప్పుడు కువైట్‌లో ఇంటిపని కుదిరింది. పది తప్పింది కాబట్టి ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి వెళ్లేముందు మన ప్రభుత్వ క్లియరెన్సు తీసుకోవాల్సింది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో పనికి వెళ్లే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. మంచికే పెట్టారు, తెలుసు. కానీ ఏం జరిగింది? ఏజెంటు ఆమెను దుబాయ్ విజిట్ మీద ఎక్కించి, అక్కడి నుంచి దాటించాడు. విదేశాలకు పనికి వెళ్లేవాళ్లను ప్రభుత్వం నమోదు చేసే ఈ-మైగ్రేట్‌లో పేరు లేదు, ప్రవాసీ భారతీయ బీమా లేదు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 కడితే, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలిచ్చే బీమా అది. ఆమె ఉన్నట్టు ప్రభుత్వ లెక్కలో ఎక్కడా లేదు. మేడ మెట్ల మీద పడి తుంటి విరిగినప్పుడు చందాలు పోగుచేసి పంపింది పక్కిళ్లలోని మనవాళ్లే. ముప్పై నిండేదాకా ఆగమని చెప్పే చట్టానికి, అంతవరకు ఇల్లెలా గడవాలో పట్టదు.

ఉద్దానం కొబ్బరి:
మలేషియా గురించి ఒక్కటే. మాది సోంపేట దగ్గర, ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాను. 2019లో ఆగస్టు నుంచి డిసెంబరు దాకా అక్కడి ప్రభుత్వం, పత్రాలు లేనివాళ్లు 700 రింగిట్ కట్టి, టికెట్ చూపించి వెళ్లిపోవచ్చంది. ఉండిపోయి సరిచేసుకునే దారి మాత్రం లేదు. డిసెంబరు ఆఖరి వారంలో కౌంటరు ముందు రాత్రంతా నిలబడ్డాను. ఇంటికొచ్చి రెండు నెలలు కాలేదు, నేను పనిచేసిన చేతి తొడుగుల ఫ్యాక్టరీ సూపర్‌వైజరే ఫోను చేశాడు: "మనుషులు చాలడం లేదు, టూరిస్టుగా వచ్చెయ్". కరోనా రాకపోతే వెళ్లేవాణ్ణే. మమ్మల్ని పంపేశారు గానీ మా పని అక్కడే ఉంది. దాన్ని ఇంకెవరో చేస్తూ ఉంటారు.

చదువరి:
ఈ కథ అమెరికాలో ముందే జరిగింది. 1986లో రీగన్ సంతకం చేసిన వలస సంస్కరణ చట్టం, 1982 జనవరి 1కి ముందు నుంచి అక్కడే ఉంటున్నవారికీ, కొందరు పొలం కూలీలకూ నివాస హక్కు ఇచ్చింది. సుమారు 27 లక్షల మందికి పత్రాలు వచ్చాయి. తెలిసి పత్రాలు లేనివాళ్లను పెట్టుకునే యజమానికి శిక్ష కూడా పెట్టారు. అయితే యజమాని చూడాల్సింది కాగితం పైకి అసలుదిలా కనిపిస్తోందా అన్నదే. దొంగ కాగితాలు పుట్టుకొచ్చాయి, కూలీలను తెచ్చే బాధ్యత కాంట్రాక్టర్ల మీదికి జరిగింది. గల్ఫ్‌లో మీరు సప్లై కంపెనీ అంటారే, అదే.

డాల్ఫిన్ నోస్:
సప్లై కంపెనీ కోసం గల్ఫ్ దాకా ఎందుకు? ఇక్కడే పరవాడ ఫ్యాక్టరీల్లో చూడండి. మన కుర్రాడు ఈ కూలి గిట్టదని కువైట్ పోతాడు, అదే కూలికి ఒడిశా, బిహారు కుర్రాళ్లు షెడ్డులో పదిమంది పడుకుంటారు. నేను పనిచేసిన రోజుల్లో గేటు పాసు మీద పేరు ఒకరిది, లోపలికి వచ్చే మనిషి ఇంకొకరు. సరే, బావగారు, ఆ ఐదు నెలల జీతం సంగతి నాకు తెలియదు. నా మొదటి మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. విజిట్ మీద వెళ్లవద్దన్న మాట మాత్రం అలాగే ఉంది.

మధురవాడ నుంచి:
మీరు వెనక్కి తీసుకోని ఆ సగం కూడా అవసరమేనండి. 2024 మేలో కంబోడియా నుంచి మనవాళ్లు విశాఖ విమానాశ్రయంలో దిగడం అందరం చూశాం. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు. వాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. పది పాసైతే ఈసీఆర్ ముద్ర ఉండదు కాబట్టి క్లియరెన్సూ అక్కర్లేదు, అడిగే నాథుడూ ఉండడు.

సిక్స్‌జీ వెల్డర్:
బావగారూ, ఒక పని చేయండి. ఏజెంటును లైసెన్సు నంబరు అడగండి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అది ఎవరి పేరున ఉందో చూడండి. లైసెన్సున్నవాడు సేవా రుసుముగా తీసుకోదగ్గది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడగండి, ముఖం రంగు చూడండి. రాష్ట్ర ప్రభుత్వానిదే ఓంక్యాప్ అని విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది, అక్కడా కనుక్కోండి. ఆర్గాన్ వెల్డింగ్ వచ్చా మీవాడికి? వస్తే కంపెనీ వీసాకు టెస్టు పెట్టించవచ్చు.

కంచరపాలెం బావ:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. నంబరు ఇచ్చాడు. చూస్తే అది వేరే రాష్ట్రంలోని వేరే కంపెనీది. అడిగితే "వాళ్లు మా వాళ్లే" అన్నాడు. రసీదు అంటే, "నమ్మకం లేకపోతే ఎలా తమ్ముడూ" అన్నాడు. గాజులు ఇంట్లోనే ఉన్నాయి.

మావాడు కొత్త పాస్‌పోర్టు కోసం మర్రిపాలెం కార్యాలయం చుట్టూ తిరుగుతున్నాడు, పాతది కువైట్ బీరువాలోనే ఉండిపోయింది కదా. పగలు ఆటోనగర్‌లో గ్రిల్ పని, సాయంత్రం ఆర్గాన్ నేర్చుకుంటానంటున్నాడు. వెల్డర్ గారూ, గాజువాకలో పైపు మీద నేర్పేవాళ్లు మీకు తెలిసినవాళ్లుంటే చెప్పండి. ప్లేటు మీద ఇప్పటికే బాగానే వేస్తున్నాడు.