అబ్లేషన్‌కు ముందు బరువు తగ్గాలన్న షరతు న్యాయమేనా?

కృష్ణాతీరం:
మా అమ్మకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు. మందులు వాడుతున్నా గుండెదడ ఆగడం లేదు. అందుకే అబ్లేషన్ గురించి అడిగాం, అంటే గజ్జల్లోని సిర గుండా సన్నని గొట్టం పంపి గుండెలో దడ పుట్టించే చోట్లను పనిచేయకుండా చేసే చికిత్స. బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత) 36. ‘ఈ బరువుతో అబ్లేషన్ ప్రమాదం, పది కిలోలు తగ్గాక రండి’ అన్నారు డాక్టరు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి పది కిలోలు ఎలా తగ్గుతుంది? ఇది న్యాయమేనా?

నిదానం:
న్యాయమే. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన లెగసీ అధ్యయనం 2015లో వచ్చింది. బరువులో కనీసం 10 శాతం తగ్గినవారిలో గుండె లయ నిలకడగా ఉండే అవకాశం మిగతావారికంటే ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. కొందరికి అబ్లేషన్ అవసరమే రాలేదు. 2023 నాటి అమెరికా మార్గదర్శకాలు కూడా బీఎంఐ 27 దాటినవారు 10 శాతం తగ్గాలనే చెబుతున్నాయి.

క్యాథ్‌ల్యాబ్ నర్సు:
నిదానం గారూ, మీరు చెప్పింది ఫలితం గురించి. అమ్మగారికి చెప్పింది ప్రమాదం గురించి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే రోగులు బెదిరిపోతున్నారు. లావుగా ఉన్నవారికి గజ్జల్లో సిర దొరకడం కష్టం, గురక జబ్బు ఉంటే మత్తులో శ్వాస ఇబ్బంది పడుతుంది, ఎక్స్‌రే మోతాదు పెరుగుతుంది. నిజమే. కానీ అల్ట్రాసౌండ్‌తో చూస్తూ సూది వేస్తే గజ్జల్లో రక్తస్రావం తగ్గుతుంది. గురక జబ్బును ముందే పరీక్షించి చికిత్స మొదలుపెట్టవచ్చు. వీటిలో చాలావరకు మా జాగ్రత్తతో తగ్గేవే. వాటి భారమంతా రోగి మీద వేయకూడదు.

సన్నగా ఉంటే క్షేమమనీ అనుకోకండి. పేస్‌మేకర్ల వంటి పరికరాలు అమర్చిన 5,918 మందిని డెన్మార్క్‌లో పరిశీలిస్తే, మరీ తక్కువ బరువున్నవారిలోనే సమస్యలు ఎక్కువగా కనిపించాయి. ఆ అధ్యయనం 2014లో వచ్చింది. బక్కపలచని మనిషికి పేస్‌మేకర్ తీగ కోసం భుజం కింద సూది వేసేటప్పుడు ఊపిరితిత్తికి తగులుతుందేమోనని నాకు ఇప్పటికీ భయమే.

నిదానం:
అది పేస్‌మేకర్ల సంగతి. అబ్లేషన్ తర్వాత దడ మళ్లీ మొదలై రెండోసారి చేయాల్సి వస్తే? అదీ ప్రమాదమే కదా.

క్యాథ్‌ల్యాబ్ నర్సు:
ఒప్పుకుంటాను. అందుకే బరువు తగ్గవద్దని నేను అనడం లేదు, దాన్ని తలుపుకు తాళంగా వేయవద్దంటున్నాను. లెగసీలో తగ్గినవారు క్లినిక్‌కు క్రమంగా వచ్చినవారు, పట్టుదల ఉన్నవారు. జర్మనీలో చీటీలు తీసినట్టు రోగులను విడదీసి చేసిన సార్ట్-ఏఎఫ్ పరీక్షలో, అబ్లేషన్‌కు తోడు బరువు తగ్గించే కార్యక్రమం ఇచ్చినా మొత్తం మీద పెద్ద తేడా రాలేదు. మరోవైపు, రోగం బయటపడిన ఏడాదిలోపే లయను సరిచేసే చికిత్స మొదలుపెడితే మేలని 2020లో ఈస్ట్ పరీక్ష చూపింది. పది కిలోలు తగ్గేలోపు ఆ ఏడాది గడిచిపోతే ఎవరిది బాధ్యత?

కృష్ణాతీరం:
అయితే డాక్టరును ఏమని అడగాలి?

క్యాథ్‌ల్యాబ్ నర్సు:
‘ఏ ప్రమాదం, దాన్ని ఇక్కడ ఎలా తగ్గిస్తారు?’ అని అడగండి. ముందుగా అబ్లేషన్‌కు ఒక తేదీ ఇవ్వమనండి, బరువు తగ్గే ప్రయత్నం ఆ తేదీ వరకూ, ఆ తర్వాతా సాగుతుంది. ఎదురుచూసే రోజుల్లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రను డాక్టరు చెప్పకుండా ఒక్కపూట కూడా ఆపనివ్వకండి.