ఎనిమిదో తరగతి పిల్లవాడికి టీసీ ఇచ్చి పంపేయడమా, బడిలోనే ఉంచుకోవడమా?

ఆదోని_టీచర్: ఆదోని దగ్గర పల్లెలో జడ్పీ హైస్కూల్ మాది. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు తెలుగు, సోషల్ పీరియడ్లలో పక్కవాళ్లను గిల్లుతాడు, పుస్తకాలు విసిరేస్తాడు, ఏమన్నా అంటే బూతులు. పోయిన వారం జామెట్రీ బాక్స్ విసిరితే ఇంకో పిల్లవాడి నుదురు చిట్లింది. స్టాఫ్‌రూమ్‌లో సగం మంది తండ్రిని పిలిచి టీసీ తీసుకుపొమ్మందాం అంటున్నారు. నేను వద్దంటున్నాను. అమ్మానాన్న ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు పోతారు. వాడు కొన్నేళ్లు వాళ్లతో పోయాడు, కొన్నేళ్లు అవ్వ దగ్గర ఉన్నాడు. మీరేమంటారు?

అనంత_లెక్కలు: టీసీ ఇవ్వడమే మంచిది సార్. ఒక్కడి కోసం మిగతా నలభై మంది పాఠం పోగొట్టుకోవాలా? వాళ్లూ కూలోళ్ల పిల్లలే. జాలి అంతా అల్లరి చేసేవాడికేనా, నోరు మూసుకుని కూర్చున్నందుకు వీళ్లకేమీ లేదా?

రిటైర్డ్_హెచ్ఎం: ఇష్టం ఉన్నా లేకున్నా చట్టం ఒప్పుకోదు నాయనా. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా పిల్లవాడిని బడి నుంచి తీసేయకూడదు. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేయడానికి వీలిచ్చింది గానీ తీసేయడానికి ఇవ్వలేదు. తండ్రి చేత అర్జీ రాయించి టీసీ ఇవ్వడం చాలా బళ్లలో నడిచే పనే. వేలిముద్ర వేసే తండ్రికి ఆ కాగితంలో ఏముందో ఎవరు చదివి చెప్తారు?

నంద్యాల_కుర్రోడు: మా కాలంలో గోడకుర్చీ వేయించేవాళ్లు, బెత్తం విరిగేది. మేం బాగుపడలేదా? మొక్కై వంగనిది మానై వంగునా?

రిటైర్డ్_హెచ్ఎం: బాగుపడినవాళ్లే ఇప్పుడు ఈ మాట చెప్తారు. ఆ బెత్తానికి భయపడి ఆరో తరగతిలోనే బడి మానేసినవాళ్లు ఇక్కడికొచ్చి రాయరు కదా. ఇంకోటి, కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ 17వ సెక్షన్ కింద నిషేధమే. గోడకుర్చీ కూడా అందులోకే వస్తుంది.

కడప_అమ్మ: ఇంతసేపు చదివాను. నుదురు చిట్లిన పిల్లవాడు ఎట్లున్నాడని ఒక్కరూ అడగలేదు. మా పాపకు ఇట్లాగే జరిగినప్పుడు బడివాళ్లు 'పిల్లలన్నాక మామూలే' అన్నారు. రెండు వారాలు బడికి పోనని ఏడ్చింది.

భవిత_టీచర్: అక్కా, మీరన్నది నిజం. ముందు ఆ ఇద్దరినీ దూరం కూర్చోబెట్టాలి, దెబ్బ తగిలిన పిల్లవాడి ఇంటికి బడి తరఫున ఎవరైనా పోయి మాట్లాడాలి. మిగతాదంతా దాని తర్వాతే.

నేను భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్తాను. ఆదోని సార్, మీరు రాసినదాంట్లో నాకు ఆగినచోటు 'తెలుగు, సోషల్ పీరియడ్లలో'. లెక్కల్లో, ఆటల పీరియడ్లో గొడవ లేదా? ఈ రెండు క్లాసుల్లోనే పైకి లేచి చదవమంటారు. కొన్నేళ్లు సగం చదువు మిరప చేలల్లో పోయినవాడికి చదవడం వచ్చి ఉంటుందా? నలభై మంది ముందు కూడబలుక్కుంటూ చదివి నవ్వులపాలు కావడం కంటే రౌడీ అనిపించుకోవడమే వాడికి నయం. బూతు తిట్టగానే మీరు బయటికి పంపుతారు, చదివే పని తప్పిపోతుంది. మీకది శిక్ష, వాడికది సెలవు.

నా అనుమానం తప్పు కావచ్చు. అందుకే రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి: గొడవకు ముందు ఏం పని చెప్పారు, ఏం చేశాడు, ఆ తర్వాత వాడికి ఏం దక్కింది. కళ్లు, చెవులు చూపించండి. బోర్డు కనబడక అల్లరి చేసే పిల్లలను చాలామందిని చూశాను. పేరు పిలిచి లేపి చదివించడం కొన్నాళ్లు ఆపండి. చదివించాలంటే రెండు వాక్యాలు ముందురోజే చూపించి, అవే చదివించండి. అంత చేసినా అక్షరాలు తారుమారైతే అప్పుడు నేర్చుకోవడంలో వైకల్యం ఉందేమో పరీక్ష చేయించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో అదీ ఉంది. కానీ బడికి రాకపోవడం వైకల్యం కాదు, తొందరపడి ఆ ముద్ర వేయొద్దు.

అనంత_లెక్కలు: మేడం, వినడానికి బాగుంది. ఎవరు చేయాలి? 35 మందికి ఒక టీచర్ అని చట్టంలో ఉంది, నా క్లాసులో అంతకంటే ఎక్కువే. యాప్‌లో ఫోటోలు ఎక్కించేసరికే సగం పూట పోతుంది. ఇంక నోట్‌బుక్ కూడానా? చేయకపోతే మనసులేని టీచర్ అంటారు.

భవిత_టీచర్: సార్, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రోజుకు మూడు లైన్లు రాస్తే చాలు, అదీ ఇద్దరు టీచర్లు పంచుకుంటే. గొడవయ్యాక విచారణకు, తల్లిదండ్రులను పిలిపించడానికి పోయే సమయం ఇంతకంటే ఎక్కువేనని మాత్రం అనుకుంటాను.

ఆదోని_టీచర్: లెక్కల మేడంను అడిగాను. ఆమె క్లాసులో వాడు ముందు బెంచీలో కూర్చుని నోట్స్ బోర్డు చూసి దించుకుంటాడట, గొడవే లేదట. మధ్యాహ్నం తర్వాత మూడో తరగతి వాచకం ఇచ్చి ఒంటరిగా చదివించాను. ఒత్తులు వచ్చిన ప్రతిచోటా ఆగిపోయాడు. నోట్‌బుక్ మొదలుపెట్టాం. ఈసారి సుగ్గి మొదలయ్యేలోపే అవ్వతో మాట్లాడి వాడిని, వలసపోయేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్‌లో చేర్పించాలని ఎంఈఓ సార్‌కు చెప్పాను. టీసీ మాట ప్రస్తుతానికి ఆగింది. మళ్లీ ఎవరికైనా దెబ్బ తగిలితే నేను అడ్డుపడనని స్టాఫ్‌కు మాటిచ్చాను.

రిటైర్డ్_హెచ్ఎం: ఆ మాట ఇవ్వకుండా ఉండాల్సింది. చట్టం మీ మాట మీద ఆధారపడి లేదు.

కడప_అమ్మ: ఇంకో పిల్లవాడి ఇంటికి పోయారా సార్?

ఆదోని_టీచర్: వాళ్ల నాన్న హోటల్ కట్టేసేది రాత్రి తొమ్మిదికి. రేపు ఆ టైముకు రమ్మన్నాడు, పోతున్నాను అక్కా.

అనంత_లెక్కలు: దసరా సెలవుల తర్వాత ఏమైందో ఇక్కడే రాయండి. నేనైతే ఇంకా టీసీ పక్షమే.